ఆజాద్ ఆట

సల్మాబాద్ క్యాంపుల మా రూముకు తొమ్మిదిమందిమి.
ఒక్కటే ఏసీ, ఒక్కటే వైఫై.
దాని పాస్‌వర్డు బియ్యం డబ్బ మూత మీద
మార్కర్‌తోని రాసి ఉంటది.

లింబాద్రిది నా ఎదురు మంచం, మీదిది.
క్రేను కింద నిలవడి సైగలు చేసే పని.
చెయ్యి లేపితే
ఎనిమిది టన్నుల ఇనుము గాలిల ఆగుతది.
అసొంటి చెయ్యి
ఒక శుక్రారం పగటిపూట
"అనుమతించు" అని కనవడ్డకాడల్లా నొక్కింది.

కారణం పెద్దదేం గాదు.
మోర్తాడుల ఆరో తరగతి సదివే శ్రీనిత
ఫోన్ల క్యారం ఆడుకుంట నవ్విందట:
"నాయినా, నీది ఉత్త స్ట్రైకరు. నాది బంగారుది."
బంగారుదానికి స్టోరుల రెండు దినార్లు.
రెండు దినార్లంటే
మెస్సుల నాలుగొద్దుల కూర.

గ్రూపుల ఎవడో ఏసిండు లింకు.
అన్నీ ఫ్రీ, అన్నీ ఓపెన్, బంగారు స్ట్రైకరుతో సహా.
ఫోను చెప్పింది, అబద్ధమెందుకు,
తెలుగుల్నే చెప్పింది:
తెలియని చోటు నుంచి వచ్చింది, హాని చేయొచ్చు.
"మనం గూడ తెల్వని చోటికెల్లి వచ్చినోళ్లమే గదరా!"
అన్నడు లింబాద్రి.
రూమంత నవ్వింది.
నేను గూడ నవ్విన.

కాంటాక్టులు సూడాల్నా? సూడు.
మెసేజులు సదవాల్నా? సదువు.
క్యారం బిళ్లకు మెసేజులతోని ఏం పని
అని తొమ్మిది నోళ్లల్ల ఒక్క నోరు అడగలే.
మా గేటుకాడి వాచ్‌మన్ నయం,
టిఫిను డబ్బ గూడ మూత తీపిచ్చి సూస్తడు.

రెండు రాత్రులు మస్తు ఆడిండు.
బిడ్డ ఓడిపోయి అలిగింది గూడ.
మూడోనాడు జీతం పడ్డది, నూట నలభై ఒక్క దినారు.
రాత్రి రెండు దాటినంక
మెసేజొచ్చిన సప్పుడైంది,
తీసి సూస్తే మెసేజు లేదు.
ఇంకోటి. అదీ లేదు.
ఖాతాల మిగిలింది మూడు వందల నలభై ఫిల్సులు.

లైటేసినం. వైఫై తీసేసినం.
నా ఫోనుకెల్లి బ్యాంకుకు కొట్టినం, కార్డు బందువెట్టిచ్చినం.
అటుదిక్కు మనిషి మెత్తగనే అడిగింది:
అనుమతి మీరే ఇచ్చినరా?
లింబాద్రి జరసేపు ఏం మాట్లాడలే.
"నేనే ఇచ్చిన మేడం."

ఆ మాట నేను ఇంతకుముందు ఇన్న.
ఆజాద్ వీసా అన్నడు ఆనాడు ఆర్మూరు ఏజెంటు.
ఎక్కడన్న చేస్కోవచ్చు, ఎవ్వలూ అడగరు, అంత ఫ్రీ.
ఫ్రీ అంటే ఎంతో
ఒక్కొక్కలం లక్షన్నర కట్టి నేర్చుకున్నోళ్లం.
పాస్‌పోర్టు ఎవ్వలు తీస్కున్నరంటే
"నేనే ఇచ్చిన సార్."
గా సదువు గంత ఖరీదుకు కొని
ఫోన్ల పనికిరాదనుకున్నం.

అప్పుడు యాదికొచ్చింది వానికి.
మంచం మీదికెల్లి దునికిండు:
"లింకు బిడ్డకు గూడ పంపిన్నే!"
ఇక్కడ మూడు. అక్కడ ఐదున్నర.
ఎత్తలే. ఎత్తలే. ఎత్తింది,
నిద్ర గొంతు:
"నొక్కలే నాయినా.
అది స్టోరుల లేదు.
చేసినోని పేరు గూడ లేదు.
పేరు లేనోని దగ్గర ఎట్ల తీస్కుంటరు?"

లింబాద్రి ఫోను పక్కకు వెట్టి
గోడదిక్కు తిరిగి పండుకున్నడు.
మేము లైటు తీసేసినం.

పైసలు ఇంకా రాలే. కాయిదాలు తిరుగుతున్నయి.
వాని ఫోను నేనే మొత్తం తుడిచి, మల్ల కొత్తగ చేసిన.
పోయిన ఫోటోలల్ల
శ్రీనిత సైకిలెక్కిన మొదటి ఫోటో ఒకటున్నది.

ఇయ్యాల శుక్రారం.
స్టోరుకెల్లి, పేరు సూసి, దించుకున్నడు పాత క్యారమే.
అదీ ఏదో అడిగింది: కాంటాక్టులు సూడాల్నా?
తెల్వకుంటనే లేచింది కుడిచెయ్యి,
క్రేను కింద లేసినట్టే.
వద్దన్నడు. అయినా తెరుసుకున్నది ఆట.

ఉత్త స్ట్రైకరు.
అవుతల బిడ్డ
రెడ్డేసింది,
ఫాలో గూడ ఏసింది.